దూదికి కొలత

ఓర్వకల్లు ఏర్‌పోర్టులో నా పని
ఒక ఇనప చట్రం పక్కన నిలబడడం.
పొడుగు యాభై ఐదు, వెడల్పు ముప్పై ఐదు, లోతు ఇరవై ఐదు.
బ్యాగు అందులో దిగితే విమానంలోకి,
దిగకపోతే డబ్బు కట్టి కింది పొట్టలోకి.
బరువు ఏడు కేజీలు. ఏడూ పావుకు నవ్వి వదిలేస్తాను,
ఎనిమిదికి నవ్వు మాత్రమే ఉంటుంది.

కాటా ముందర జనం ఎట్లా మారిపోతారో చూడాల.
మే నెలలో మూడు చొక్కాలు తొడుక్కుంటారు,
ఛార్జర్లు జేబుల్లోకి, పుస్తకాలు చంకలోకి.
ఒకాయన బనగానపల్లె మామిడిపండ్లు
లైన్లో ఉన్నోళ్లకు పంచి, నాకూ ఒకటి ఇచ్చి
"ఇప్పుడు తూచు పాపా" అన్నాడు.
ఆరు కేజీల తొమ్మిది వందలు.
తీసుకోకూడదు. తీసుకున్నాను.

ఉరుకుందమ్మ కోసిగి నుంచి వచ్చింది.
సంచిలో ఒకే ఒక్క బొంత, దూది పెట్టి కుట్టింది.
కాటా మీద మూడు కేజీలు, చిల్లర.
చట్రంలో సగం దిగి
నూనెలో బూరె మాదిరి పైకి లేచింది.
"బరువు లేదు కదమ్మే?"
"బరువు కాదవ్వా, సైజు."
"సైజంటే?"

నాకు చెప్పడం రాలేదు.
మాది దూదేకుల ఇల్లు.
నాయన ఏకిన దూది ఒక్క కేజీ అంటే సగం గది,
అమ్మ కొప్పులో, పప్పులో, నా లెక్కల నోట్సు నడిమధ్య కూడా.
కాటాకు తెలిసింది చట్రానికి తెలీదని
ఆ ఇంట్లోనే నేర్చుకున్నా.
అయినా మెడలో కార్డు మీద మాబున్ని అని చిన్నగా,
కంపెనీ పేరు పెద్దగా.
"డబ్బు కట్టాల" అన్నాను.

అని, వంగి, మోకాలితో తొక్కాను, మోచేతులతో అదిమాను,
నాయన పరుపు చుట్టేటప్పుడు చేసినట్టే.
తాడు లేదు. మళ్లీ లేచింది.

వెనక లైను గొణిగింది. సూపర్‌వైజర్ గడియారం చూశాడు.
అవ్వ బొంత లాక్కుంది. నన్నొకసారి చూసి
నెత్తి మీదినుంచి కప్పుకుంది,
ఒక కొస నడుముకు దోపింది.
బయట నలభై మూడు డిగ్రీలు.
"చలేస్తాంది" అనింది.

ఒంటి మీద ఉన్నదానికి మా షీట్లో గడి లేదు.
అది ఎవరి కోసమో రాసే గడీ లేదు.

విమానం కాడికి ఎండలో నడిచిపోయింది
ఎర్ర చీర ముక్క, పచ్చ రవిక ముక్క,
ఎవరిదో పంచె అంచు.
మెట్ల మీద, తలుపులో పట్టక,
పక్కకు తిరిగి దూరింది.

చట్రం కమ్మీకి దూది పోగు ఒకటి చిక్కుకొని ఉంది.
ఊదాను. పోలేదు.
నెక్స్ట్, అన్నాను.