ముక్కు లేని పురుగు

మొదటిది ఉప్మా పళ్ళెం అంచున కనిపించింది.
ఆవగింజ అనుకుని వేలితో నెడితే
నడిచింది.

మా ఆవిడకు కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ.
కంచరపాలెంలో ఈ రెండు గదుల ఇంట్లో
డబ్బాల లెక్క నాది, పరువూ నాదే.
ఎవరికీ చెప్పకుండా రెండు వారాలు పోరాడాను.

పాతిక కిలోల బియ్యం మేడ మీద పరిచాను.
ఒక్క పురుగూ బయటికి రాలేదు.
దాక్కున్నాయనుకున్నాను.
మధ్యాహ్నానికి గాలి పోర్టు వైపు నుంచి తిరిగింది,
సాయంత్రం ఎత్తేసరికి
గింజ గింజకీ బొగ్గు నుసి.

ఎండుమిరపకాయలు, లవంగాలు,
పాత చీర చింపి కట్టిన వేపాకు మూటలు.
మూటలు విప్పుకుని ఆకు రాలి
లిఖిత పుట్టినరోజు పరమాన్నం చేదెక్కింది.
గోధుమపిండిని ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించాను.
"నాన్నా, చపాతీలకి జ్వరమా?" అంది.

పొద్దున్నే కిటికీ దగ్గర
వెలుతురుకి చేరి మళ్ళీ అవే,
నేనేమీ చేయనట్టు.

ఇక దాచలేక
కింది వాటా నూకరత్నమ్మని పిలిచాను.
పూర్ణా మార్కెట్ పప్పుల కొట్లో
ముప్ఫై ఏళ్ళు జల్లెడ పట్టిన చెయ్యి.
ఒకదాన్ని గోటి మీదికి ఎక్కించుకుంది.

"సంపడం తరవాత. ముందల దాని మొకం సూడు బావూ.
ముక్కుందా?"

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. లేదు.

"ముక్కుంటే బియ్యంది. తొండంనాగ ముందుకొస్తాది.
ముట్టుకుంటే సచ్చినట్టు పడుంటాది, దొంగముండ.
ఎర్రగా, పలకనాగ ఉంటే పిండిది, రవ్వది.
తల కిందకి ముడుసుకుని గూనోడినాగ ఉంటే
పసుపు డబ్బా ఇప్పి సూడు, దనియాలు సూడు.
ఇదేటి? పొట్టిది.
పొట్టి రైకనాగ రెక్కలు సాల్లేదు, ఎనక బయటికే ఉంది.
పెసలది ఇది.
బియ్యానికి నువ్వేసిన శిచ్చంతా
పాపం, తప్పు సెయ్యనోడికి."

మా ఇంట్లో పెసలు లేవు.
కొని ఆరు నెలలు దాటింది.

ఆమె నమ్మలేదు.
గోడలు చూసుకుంటూ వంటింట్లోంచి ముందు గదిలోకి నడిచింది.
టీవీ పక్కన, నోటుపుస్తకమంత ఫ్రేములో,
లిఖిత నాలుగో తరగతిలో అంటించిన లైట్‌హౌసు.
సముద్రానికి పెసలు, కొండకి మినుములు,
ఇసకకి కందిపప్పు,
దీపానికి ఒకే ఒక్క ఎర్ర రాజ్మా గింజ.
స్కూల్లో రెండో బహుమతి.

దగ్గరికెళ్తే సముద్రం నిండా కన్నాలు.
కంపాసుతో గీసినంత గుండ్రంగా,
గింజకో గుమ్మం.
ఇంకా గుమ్మం తెరవని వాటి మీద
సూదిమొనంత తెల్లటి చుక్కలు.

"గుడ్లు," అంది నూకరత్నమ్మ.
"తిండంతా సిన్నప్పుడే, గింజ లోపలే.
బయటికొచ్చాక మెతుకు ముట్టదు.
పది రోజులు బతికి, గుడ్లు పెట్టి, పోతాది."
కాసేపు ఊరుకుని,
"కిటికీకి ఎల్లేది తిండికి కాదు బావూ," అంది.

ఫ్రేము చేత్తో పట్టుకుని
చెత్తబుట్టకీ గోడకీ మధ్య నిలబడిపోయాను.
ఎనిమిదింటికి మా ఆవిడ వచ్చింది.
చెప్పులు విప్పకుండానే దాన్ని లాక్కుని,
రెండు కవర్లు తొడిగి, మూతి బిగించి,
పై అరలో వంజరం ముక్కల పక్కన పడుకోబెట్టింది.
"వారం రోజులు. మధ్యలో తలుపు తీసి చూడద్దు,"
వార్డులో చుట్టాలకి చెప్పినట్టు చెప్పింది.

అల్మరా చీలికల్లో పుల్ల పెట్టి గీకాను.
డబ్బాలు కడిగి, ఎండబెట్టి,
తడి లేదని చెంపకి ఆనించి చూసుకున్నాను.
అర కిలో పెసలు కొన్నాను, అర కిలోనే,
అరచేతులకి ఆముదం రాసుకుని గింజలకి పట్టించాను.

ఎనిమిదో రోజు ఫ్రేము బయటికొచ్చింది.
బ్రష్షుతో దులిపితే సగం సముద్రం పొట్టై రాలింది.
లిఖిత వంగి వంగి చూసి,
"దీపాన్ని ఎందుకు తినలేదు?" అని అడిగింది.
నూకరత్నమ్మకీ తెలీదు.
అది వాటికి పడదేమో అంది.

కిటికీ దగ్గర ఇప్పుడేమీ లేదు.
అన్నంలో మాత్రం
ఇంకా అప్పుడప్పుడూ వేపాకు తగులుతోంది.