అంచున నీలి దారం

నా దగ్గర నలభై మూడు ప్రశ్నలున్నాయి,
ప్రతి ప్రశ్నకూ కుడిపక్కన ఐదు గడులు.
మెయిన్ రాష్ట్రంలో నవంబరు.
నాలుగింటికే చీకటి పడి
నది ఒడ్డున మూతబడ్డ మిల్లులు
ఎవరో మరిచిపోయిన గోడల్లా నిలబడ్డాయి.
సర్కారు నన్నడిగింది ఒక్కటే:
మేం పెట్టిన డబ్బు పనిచేసిందా, లేదా?

పథకం లెక్క వేళ్ల మీద చెప్పొచ్చు.
బీమా కిస్తు మూడు వాటాలు:
యజమానిది ఒకటి, పనివాడిది ఒకటి,
మిగిలింది సర్కారుది.
వేళ్ల మీద చెప్పగలిగినంత మాత్రాన
చేతికందుతుందని కాదు.

రోజేర్ పెల్టియే లాండ్రీలో రాత్రి షిఫ్టు.
మూడు ఆసుపత్రుల పక్కదుప్పట్లు
అతని చేతుల మీదుగానే పోతాయి.
మరకను చూసి చెప్పేస్తాడు
ఇది అయోడిన్, ఇది పురుడు,
ఇది కాఫీ, ఎవరో కంగారులో ఒలకబోసింది.
పదకొండేళ్లు ఆసుపత్రి బట్ట ఉతికాడు,
పదకొండేళ్లు ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు.
కార్డు చేతికొచ్చిన ఏడాది
హెర్నియా ఆపరేషను.
"మంచమెక్కగానే ఏం చేశానో తెలుసా?
దుప్పటి అంచు తిప్పి చూశాను.
నీలి దారం. మాదే.
నాలుగో మిషనుది, దానికి పిండడం చేతకాదు."
ప్రశ్న పదిహేడు: అందిన సేవతో మీ తృప్తి ఎంత?
చాలాసేపు ఆలోచించి మూడు వేశాడు.
"రెండు మార్కులు ఆ మిషనుకు కోసేశా."

ఓదీల్ గాన్యో బేకరీలో
తెల్లారుజాము మూడింటికి పిండి కలుపుతుంది.
గంటకు ముప్ఫై సెంట్లు పెంచుతానంటే
వద్దంది.
పెంచితే గీత దాటుతుంది,
దాటితే సర్కారు వాటా ఊడుతుంది,
ఊడితే ఇన్సులిన్ సగం.
పిండి చల్లిన బల్ల మీద
వేలితో తీసివేతలు చేసి చూపించింది.
తర్వాత అరచేత్తో తుడిచేసి
ఆ పిండినే రొట్టెకు అద్దింది.
జీతం వద్దన్న మనిషికి
నా కాగితంలో గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను.

హావో వర్సామే ఆఫీసులు ఊడుస్తుంది,
మనుషులు వెళ్లిపోయాక.
ఈ రెండేళ్లలో కార్డు ఎన్నిసార్లు వాడారు?
"ఒక్కసారీ లేదు" అంది.
నేను సున్నా చుట్టబోతుంటే
చెయ్యి అడ్డం పెట్టింది.
"రాత్రిపూట పిల్ల దగ్గితే
ఇదివరకు డాలర్లు వినపడేవి.
ఇప్పుడు దగ్గు వినపడుతోంది. అది రాసుకో."
అది కూడా అంచునే.

ఇనప సామాన్ల కొట్టు థర్లో బీల్స్
రెండో ఏడు తన వాటా మానేశాడు.
చిట్టా తెచ్చి నా ముందు తెరిచాడు,
ఎర్ర సిరా, మళ్లీ ఎర్ర సిరా.
"నన్ను చెడ్డవాణ్ణి చేసి రాయొద్దు" అన్నాడు.
రాయను. కానీ అతని కొట్లోంచి
బీమా జారిపోయిన ముగ్గురికీ
ఆరుసార్లు చొప్పున ఫోన్ చేశాను.
ఒక నంబరు లేదు, ఒకటి మోగి మోగి ఆగింది,
మూడోదాన్ని ఎవరో చిన్నపిల్లాడు ఎత్తి
"నాన్న నిద్రపోతున్నాడు" అన్నాడు,
మధ్యాహ్నం రెండింటికి.
ముగ్గురికీ ఒకటే కోడు: తొమ్మిది, స్పందన లేదు.
తొమ్మిదులన్నీ సగటులోంచి తీసేయాలని నియమం.

తీసేస్తే తృప్తి
నాలుగు పాయింటు ఒకటి వచ్చింది.
అందమైన అంకె. స్లైడు మీద
ఆకుపచ్చ రంగులో ఇంకా అందంగా ఉంది.

కమిటీ నాకు పదకొండు నిమిషాలిచ్చింది.
చివర్న కూర్చున్నాయన గడియారం చూసుకుని
"ఒక్క ముక్కలో చెప్పండి, పనిచేసిందా?" అన్నాడు.
ఉండిపోయినవాళ్లను అడిగాను,
పోయినవాళ్లు ఫోనెత్తలేదు
అందామనుకున్నాను. అది ఒక్క ముక్క కాదు.

శుద్ధప్రతిలో అంచుల్ని ఎవరో తెల్లగా కోసేశారు.
చేతిసంచిలోంచి నా చిత్తుకాగితాలు తీసి
మూల తిప్పి చూశాను.
పెన్సిల్ చెరిగిపోలేదు,
కొంచెం పిండి కూడా అంటుకుని ఉంది.
"నాకింకో పది నిమిషాలు కావాలి" అన్నాను.