ఏడు కెమెరాల ముందు నడుస్తూ

నాలుగున్నరకు వ్యాన్ తలుపు మెల్లగా వేయమంటాను.
ఎవరూ మెల్లగా వేయరు.
ఆ చప్పుడు లోయ దాటి
అవతలి కొండను తట్టి తిరిగొచ్చేదాకా
నిలబడి, అప్పుడు టార్చి ఆర్పుతాను.

ఏప్రిల్‌లో పోల్యానా కొండది రెండు మనసుల మాట.
ఎండ తగిలే వైపు అడవి వెల్లుల్లి ఘాటు,
నీడ వైపు ఇంకా మోకాలి లోతు మంచు.
"కాలు ఎక్కడ పెట్టను, వెండెలీన్?"
అడుగుతాడు పళ్ల డాక్టరు బొహూష్,
మూడు కిలోల లెన్సును చంటిబిడ్డలా చంకనేసుకుని.
నా అడుగులో పెట్టమంటాను.
నా అడుగు అతనికి దూరం.

వీళ్లకు అన్నీ కావాలి మొదటి గంటలో:
దుప్పి కావాలి, గుడ్లగూబ కావాలి,
వీలైతే ఎలుగు,
అదీ వెలుతురు వెనకనుంచి పడుతుండగా.
నేను కుళ్లిన దుంగ ఒకటి పక్కకు జరిపాను.
రాత్రి వాన తడిలో సలమాండర్,
నల్ల రబ్బరు మీద పసుపు ఒలికినట్టు.
నెలాఖరున చిల్లర లెక్కపెట్టే మనిషిలా
ఒక్కో కాలూ లెక్క చూసుకుని వేస్తోంది.
ఆరుగురూ బురదలో బోర్లా పడుకున్నారు.
వాళ్ల పిరుదులకు నేను కాపలా.

ద్రహోమీరా పడుకోలేదు.
డెబ్బై ఒకటట. బర్నోలో ముప్పై ఏళ్లు ట్రామ్ నడిపిందట.
"పట్టాల మీద బతికినదాన్ని,
ఎక్కడ ఆగాలో నాకు తెలుసు" అంది,
ఆగి, మోడులను తీయడం మొదలుపెట్టింది.
పువ్వులు కాదు, పిట్టలు కాదు,
మోడులు.
పాస్‌పోర్టుకు తీసినట్టు ఎదురుగా, నవ్వొద్దన్నట్టు.

దారి పక్క పెద్ద మోడు దగ్గర వంగి
గాటు మీద నాచును బొటనవేలితో తుడిచింది.
"ఎవరు కోశారో గాని
చెయ్యి తిరిగిన మనిషి. చూడు."

నాకు చూడక్కర్లేదు.
ఇరవై ఏళ్ల కిందటి ఇలాంటి చీకటి,
ఇమ్రిఖూ నేనూ, ఇద్దరికీ ఒకటే మోటారు రంపం,
ఘనపు మీటరుకు ఇంతని కూలి.
పైన కొమ్మ మీద అడవి పుంజు పాడుతోంది.
పాట చివరి ముక్క పాడేటప్పుడు
దానికి చెవులు వినపడవు.
వేటగాడికి తెలుసు, నాకూ తెలుసు,
ఆ ముక్క వచ్చినప్పుడల్లా రంపం నొక్కాను.
మాను వాలడం మొదలయ్యాక
అది పాట మధ్యలోంచి లేచింది.
ఇమ్రిఖ్ నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటా.

"నేనే కోశాను" అన్నాను.
గైడు అలాంటివి చెప్పకూడదు,
కరపత్రంలో నన్ను అడవిబిడ్డ అని రాశారు.
ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది,
టికెట్ లేకుండా ఎక్కినవాణ్ని చూసినట్టు.
"అయితే దాని మీద కూర్చో."

కూర్చున్నాను. ప్యాంటు తడిసింది.
అప్పుడే, పొగమంచులో ఎక్కడో,
సీసా బిరడా లాగినట్టు ఒక చప్పుడు.
మళ్లీ ఒకటి.
నేను వేలెత్తాను.
ఏడు కెమెరాలూ తెల్లటి శూన్యం వైపు తిరిగి
ఏమీ దొరక్క కిందికి దిగాయి.
బొహూష్ గొణిగాడు: "కనపడనిదాన్ని ఏం తీయను?"
పుంజు పాడుతూనే ఉంది.
పాట చివరి ముక్కలో
మేం ఏం మాట్లాడుకున్నా దానికి వినపడదు,
ఆ రెండు మూడు క్షణాల్లో
నేనొక మాట అన్నాను.
ఏమన్నానో ద్రహోమీరా అడగలేదు.

పదింటికి రొట్టె, ఉల్లిపాయ, ఫ్లాస్కులో టీ.

మేలో బొహూష్ ఉత్తరం రాశాడు:
ఎలుగు కనపడలేదు కనుక సగం డబ్బు వాపసు.
ఇవ్వను. పాదముద్ర చూపించాను,
ఇంకా ఆవిరి వస్తున్న పెంట చూపించాను.

అదే వారం బర్నో నుంచి ఒక కవరు.
అందులో మోడు మీద నాచు
పోగు పోగుగా లెక్కపెట్టొచ్చు,
గాటు అంచున చీమ కూడా తెలుస్తోంది.
దాని మీద ఎవరో కూర్చున్నారు,
కొంచెం మసగ్గా,
నోరు తెరిచి.