మెట్టు, గుంత, బర్రె

అమ్మ అన్నాక నా బిడ్డకి వచ్చిన మాటలు మూడు.
మెట్టు. గుంత. బర్రె.
ఆ తర్వాత మోటారు సైకిలు.

మూడేళ్ళకే నా చూపుడువేలు పట్టుకుని
కావలి ట్రంకురోడ్డు దాటించేది కామాక్షి.
చూసినోళ్ళు "బో తెలివైన పిల్ల" అనేవాళ్ళు.
నాకు మాత్రం ఆ మాట
రొయ్య కొమ్ము మాదిరి గుచ్చుకునేది.

ముందు రేచీకటి అన్నారు.
తర్వాత వాకిలంత చూపు తలుపు సందంత అయింది,
సందు సూది బెజ్జమంత అయింది.
ఆ బెజ్జంలోంచే, పుట్టిన రెండో రోజు,
బిడ్డ ఎడమ చెవి చూశా.
ఒక్క చెవే. మిగతా మొహమంతా
చేతులతో చూసుకున్నదే.

"ముప్పై ఏళ్ళకి డిగ్రీ ఏందే" అనింది మా వదిన.
కాలేజీలో గుమాస్తా ఏమో
ఏ సహాయం కావాలో ఒకదానికే టిక్కు పెట్టాలన్నాడు.
పసిబిడ్డల గదా, చూపులేనోళ్ళ శిక్షణా?
రెండూ పెట్టు నాయనా అన్నా.
"రెండూ ఇంతవరకూ ఎవరూ పెట్టలా" అని
పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి,
లోపలికి పోయి ప్రిన్సిపాలుని అడిగొచ్చాడు.

పసిబిడ్డల గది కెమిస్ట్రీ ల్యాబు ఎనక.
కుళ్ళిన గుడ్ల కంపు కొడితే ఎడంపక్కకి తిరగాల,
పులిబొంగరాల నూనె వాసనొస్తే దాటిపోయినట్టు.
ఈ పటం నాకు గీసిచ్చింది ఖాజావలి సారు.
ఆయనకీ చూపు లేదు.
"కర్రతో నేలని కొట్టగూడదమ్మా, అడగాల" అంటాడు.
అడగడం నేర్చుకునేదానికి నెలన్నర పట్టింది.
ఈలోగా నేను కొట్టినవి
సైకిళ్ళు పదకొండు, ఒక చెత్తబుట్ట,
కామర్సు లెక్చరరు మోకాలు.

చుక్కల అక్షరాలు ఇంకా కష్టం.
పదేళ్ళు ఐసులో రొయ్యలు ఒలిచిన వేళ్ళు నావి,
కొసలు మొద్దుబారి
ఆరు చుక్కలూ ఒకటే గరుకు.
"రాత్రిళ్ళు కొబ్బరినూనె రాయి, తొందరపడబాక."
ముందుగా దొరికింది అ కాదు,
ల.
నిలువునా మూడు చుక్కలు, మూడు మెట్ల మాదిరి.
ఆ పొద్దు వాన, కరెంటు పోయిందంట.
క్లాసంతా ఆగిపోయింది.
నేను చదువుతానే ఉండా.

ఆ గదిలో మొదటిరోజు సలోమక్క
"పాపా, నీకేమొచ్చు?" అనడిగితే
వచ్చినవన్నీ వరసగా చెప్పిందంట.
చెప్పి, బొమ్మలేవీ ముట్టకుండా
గడప కాడే నిలబడిందంట సాయంత్రం దాకా.
అమ్మొచ్చే దారిలో బకెట్టు ఉందంట,
ఎవరు చెప్తారంట.
ఆ మాట విని నేను గోడకి ఆనుకున్నా.

రెండోవారమూ అంతే.
మూడోవారం ఒక పిల్లోడు జుట్టు పీకితే
వాడి నెత్తిన ఇసక పోసిందంట.
సలోమక్క ఫిర్యాదుగా చెప్తా ఉంటే
నాకు పాయసం తాగినట్టుంది.

నిన్న మధ్యాన్నం కాస్త ముందే పోయా.
గుమ్మం ముందర ఎవరో కొత్తగా బల్ల వేశారు,
కర్ర దాని కిందగా పోయింది.
మోకాటిచిప్ప పోలా.
కళ్ళెంబడి నీళ్ళు. ఆ పనికి ఇంకా పనికొస్తాయి అవి.
లోపల కామాక్షి గొంతు,
ఎవరినో తరుముతా, నవ్వుతా.
నన్ను చూడలా.
బల్లుందని చెప్పలా.

మోకాలు రుద్దుకుంటా ఆ బల్ల మీదే కూర్చున్నా,
ఆట అయ్యేదాకా.

ఇంటికి పోయేటప్పుడు వేలు పట్టుకోలా.
ముందు ముందు గెంతుతా
ఉడత, ఊయల, ఊదా రంగు
ఏవేవో చెప్తానే ఉంది.
గేటు కాడ కర్ర కొస ఖాళీలోకి దిగింది.
"మెట్టుంది కామీ" అన్నా.
"నాకు తెల్సులే" అనింది.
తర్వాత
రెండు కాళ్ళూ ఒక్కసారే నేలని తాకిన చప్పుడు.