పదో నంబరు సాకెట్టు

ఓర్వకల్లు హ్యాంగరులో ఒక రాత్రి
పదో నంబరు సాకెట్టు పోయింది.
బొటనవేలి కొసంత ఇనుము.
అది దొరికేదాకా విమానం కదలకూడదు.
నలుగురం మోకాళ్ళ మీద పాకుతా
టార్చిలైట్లతో నేలను గాలిస్తిమి.

మాది తుగ్గలి పక్క ఊరు.
తొలకరి పడితే మా అవ్వ సద్ది కట్టుకొని
ఎర్రచేలల్లో వజ్రాలకు పోయేది.
"నీవి నేలకు దగ్గరుండే కండ్లురా సుంకన్నా"
అని నన్నూ ఎంటబెట్టుకొని పోయేది.
పదైదు వానలు వెతికితే అవ్వకు దొరికినవి
కాలం చెల్లిన ఒక అణా,
పచ్చ గాజుపెంకు,
తేలు కాటు.
నడుం వంచి చూసే గుణం మాత్రం నాకొచ్చింది.
ఆ కండ్లతోనే పదకొండేండ్లు
రివెట్టు పక్కన వెంట్రుకంత చీలికను పట్టినాను,
పైపు కింద చెమటలాంటి నూనెచుక్కను పట్టినాను.
ఎగరొచ్చు అని సంతకం పెట్టి
నేను కిందనే నిలబడినాను.

ఆ సాకెట్టు నా ప్యాంటు మడతలోనే ఉండె.
తెల్లారుజాము మూడింటికి టంగుమని రాలింది.
జిలానీ సారు కడుపు పట్టుకొని నవ్వె.
మెడ పట్టేసి, బయటికొచ్చి
బండ మీద వెల్లకిలా పడుకున్నాను.
అంతే. ఇంకేమీ జరగలేదు.
చాన్నాళ్ళ తర్వాత పైకి చూసినాను, అంత మాత్రమే.

"కల్లూరు ప్లాటు అమ్మేస్తే
ఇల్లెక్కడ కడతావు, మోడం మీదనా?"
అనింది ఉరుకుందమ్మ.
మూడో రోజు పత్రాలు తనే తెచ్చి
ఉగ్గాని గిన్నె పక్కన పెట్టింది.
దాని మీద నూనె మరక ఇంకా ఉంటుంది,
కొన్నోళ్ళ బీరువాలో.

ఇరవై ఏండ్ల పిల్లోళ్ళ మధ్య
ముప్పై ఆరేండ్ల విద్యార్థిని.
వాతావరణం పేపరు రెండుసార్లు తప్పితిని.
మోడం కోసం మెడలు సాచే జిల్లాలో పుట్టి
మోడాల పేర్లు రాయలేకపోతిని!
"నువ్వు విమానం నడపడంలేదు,
ఇంజను వింటున్నావు" అని గురువు తిట్టె.
నిజమే.
ప్రతి చప్పుడుకూ ఒక రోగం పేరు తెలిసినోడు
నిశ్చింతగా ఎట్ల ఎగురుతాడు?

ఇప్పుడు నాది సరుకుల విమానం, కుడిపక్క సీటు.
మనుషులెక్కరు. నమస్కారాలుండవు.
మందుల డబ్బాలు, మోటారు విడిభాగాలు,
నిన్న పొదిగిన తొమ్మిది వందల కోడిపిల్లలు.

మొదటి రాత్రి లైటు పట్టుకొని చుట్టూ తిరిగినాను.
ఇంజను కాడ సేఫ్టీ వైరు
అర మెలిక తక్కువుందనిపించె.
నిచ్చెనెక్కి చెయ్యి పెట్టబోయినాను.
"సార్, దిగండి. అది నా పని."
నఫీసా. ఆత్మకూరు పిల్ల.
మోచేతి దాకా గ్రీజు,
నన్ను సార్ అంటే నాకే కొత్త.
మెలికలు లెక్కబెట్టి చూపించింది.
సరిగ్గానే ఉన్నాయి.
ఆయమ్మి లాగ్‌బుక్కు చాచింది.
అడుగున సంతకం,
తడి ఇంకా ఆరలేదు.
పదకొండేండ్లు నేను ఇచ్చిన కాయితాన్ని
తీసుకోవడం ఎంత బరువో
అప్పుడు తెలిసొచ్చె.
నా సంతకాన్ని నమ్మి పైకి పోయినోళ్ళంతా,
పేర్లు కూడా అడగలేదు నేను,
ఒక్కొక్కరే గుర్తొచ్చిరి.
చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను,
వట్టిగా వదిలితే నా మాట వినవు.

తుగ్గలి దాటేయాలకు రెండున్నర.
కుడి అద్దంలోంచి వంగి చూస్తాను.
దీపాలా? ఏమీ లేవు.
కరెంటు పోయిందేమో, లేకుంటే అందరూ పండుకున్నారేమో,
నల్లగా ఉంది, నూనె పోసినట్ల.
అయినా కండ్లు ఊరుకోవు,
అలవాటు చొప్పున గాలిస్తానే ఉంటాయి.
వెనక పెట్టెల్లో కోడిపిల్లలు
కియ్ కియ్ మంటాయి
ఎంత ఎత్తులో ఉన్నామో తెలీక.

ఇప్పటికీ మెట్టెక్కే ముందు
ఒంగి ప్యాంటు మడతలు దులుపుకుంటాను.
ఏముంది సార్ దాంట్లో, అని
నిన్న నఫీసా అడిగె.
దుమ్ము, అన్నాను.