చిటికెన వేలు

మిర్చి యార్డుకి మాఘం వచ్చిందంటే
నా కుడిచేతికి నిద్ర ఉండదు.

లాటు నంబరు, టిక్కీల లెక్క,
తూకం, తరుగు, రేటు,
రైతు పేరు, ఊరు
పెదకూరపాడా, పెదనందిపాడా
అని వేళ్ళే ముందు అడుగుతాయి, తర్వాత నేను.
తేజాకి ఒక మీట, బాడిగకి ఒక మీట,
తాలుకాయకి మరొకటి.
కంప్యూటర్ కూడా తుమ్ముతుందేమో అనిపించే ఆ కొట్లో
తుమ్ముతూనే కొడతాను
రోజుకి మూడొందల చీటీలు.

మొదట బొటనవేలు మొద్దుబారింది.
తర్వాత చూపుడువేలు, నడిమివేలు.
ఉంగరం వేలు సగం ఇటు, సగం అటు,
తెగని గట్టు తగాదాలాగా.
చిటికెన వేలొక్కటే
నాకేం సంబంధం లేదన్నట్టు బుద్ధిగా కూర్చుంది.

అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలిస్తాను
థర్మామీటర్ విదిలించినట్టు.
"దోమా?" అంటాడు మా ఆయన నిద్రలోనే.
"ఊఁ" అంటాను.
మణికట్టు దాటి మోచేతి దాకా
చీమల బారు.

టీ గ్లాసు జారి పగిలిన రోజు
కొత్తపేట వెళ్ళాను.
డాక్టరమ్మ నా మణికట్టు మీద వేలితో తట్టింది,
ఎవరమ్మా లోపల, అన్నట్టు.
ఒక నరం ఉలిక్కిపడి
గోళ్ళ దాకా పరిగెత్తింది.
"ఇరుకు సందులో చిక్కుకుంది" అంది.
నాకు పట్నంబజారు గుర్తొచ్చింది,
ఎదురెదురుగా రెండు తోపుడు బళ్ళు,
ఎవరూ వెనక్కి తగ్గరు.
"ముందు రద్దీ తగ్గిద్దాం.
సందు వెడల్పు సంగతి తర్వాత."

రాత్రికి పట్టీ.
మణికట్టు వంచకూడదు.
అరగంటకోసారి లేవాలి.
మీటలు మోచేయి ఎత్తులో ఉండాలి.

మా కొట్లో ఏదీ ఏ ఎత్తులోనూ ఉండదు.
బల్ల కాటా పెట్టడానికి చేయించింది,
కుర్చీ ఎవరి పెళ్ళిలోనో మిగిలింది.
పూర్ణయ్య గారిని అడిగితే
"సీజను పోనీ అమ్మాయ్" అన్నారు.
పోతుంది. ఏటా పోతుంది.
నా చేతిలోంచే పోతుంది.

అటక మీంచి పాత చిట్టాలు దించాను,
ఎర్రగుడ్డ అట్టలవి, నాలుగు.
కుర్చీలో పరిచి ఎక్కి కూర్చుంటే
మోచేయీ మీటలూ ఒక్క మట్టానికొచ్చాయి.
ముప్పై ఏళ్ళు రాసిన గుమస్తా నాంచారయ్య గారి
అక్షరాలు నా కింద,
గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా.
చివరి చిట్టాలో మాత్రం
సున్నాలు కలుసుకోలేదు.
అడిగారా ఎవరైనా, చెయ్యి నొప్పా అని?

మొదటి అరగంటకి లేచి షెడ్డులోకి నడిచాను.
తొడిమలు తీసే ఆడవాళ్ళ చివర
మస్తాన్‌బీ
మజ్జిగ గిన్నెలో చేతులు ముంచి కూర్చుంది.
మనవడి బుగ్గ తాకి పది రోజులైందట.
తాకితే వాడు ఏడుస్తాడట.
నాకేమో
కూతురి జడ అల్లుతుంటే
మూడో పాయ ఎక్కడుందో తెలియడం లేదు.
"నా మంట కొంచెం నువ్వు తీసుకోరాదా" అంది,
తీసుకో, ఉచితం, అన్నట్టు నవ్వి.

చేతులు కడుక్కుని ఆముదం రాసుకుని
నా చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.
నొక్కలేదు. విరవలేదు.
మోచేతి నుంచి అరచేతి దాకా
నిద్రపోని పిల్లాడి వీపు నిమిరినట్టు నిమిరింది.
"ఇప్పుడు మూసి తెరువు. మెల్లగా.
గుప్పెట్లో కోడిపిల్ల ఉందనుకో."
మూశాను.
తెరిచాను.
ఎంత కడిగినా పోని ఘాటేదో
ఆమె వేళ్ళలోంచి నా చర్మంలోకి దిగింది.
మూడు నెలల తర్వాత
చూపుడువేలు సుర్రుమంది.

ఆ సంబరంలో మర్చిపోయి
అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను.

కొట్లోకి వచ్చేసరికి ధారలు.
పూర్ణయ్య గారు కళ్ళజోడు తీసి,
పెట్టుకుని, మళ్ళీ తీసి
"ఏడవకమ్మాయ్, ఎల్లుండి కొత్త కుర్చీ తెప్పిస్తా" అన్నారు.

నేనేమీ సర్దిచెప్పలేదు.
చిట్టాల మీద కూర్చుని
మణికట్టు వంచకుండా
తర్వాతి లాటు కొట్టాను.
చిటికెన వేలు బుద్ధిగా
ఎంటర్ నొక్కింది.