దొరకని పేజీ

పార్ను పురపాలక కార్యాలయం, రెండో అంతస్తు,
కాఫీ మిషను పక్కన వీర్వె బల్ల.
ఊరంతా చూసే పేజీలు పెద్దవాళ్లకిచ్చి
ఎవరూ రాకూడదనుకునే పేజీ ఆమెకిచ్చారు:
"మీరు వెతుకుతున్నది ఇక్కడ లేదు."
ఆ ఒక్క వాక్యానికి ఇల్లు కట్టమన్నారు.

మొదటి వారం ఏమీ గీయలేదు.
తెల్లటి తెర ముందు కూర్చుని
కిటికీలోంచి తెల్లటి వీధి చూసేది.
మా ఊళ్లో ఒక అలవాటుంది.
మంచులో ఎవరిదైనా ఉన్ని తొడుగు జారిపోతే
దొరికినవాళ్లు ఇంటికి పట్టుకుపోరు,
దగ్గర్లో ఉన్న కంచె గుంజకు తొడిగి వెళ్తారు.
పోగొట్టుకున్న మనిషి అదే దారిన వెనక్కొస్తే
గుంజ చెయ్యెత్తి పిలుస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఒక పాత సాఫ్ట్‌వేర్ తెరిచింది,
గళ్లూ పదహారు రంగులూ తప్ప ఇంకేమీ లేనిది.
గడి తర్వాత గడి నింపుకుంటూ పోయింది.
ఒక గుంజ, దానికి ఎర్ర తొడుగు, వెనక మంచు.
మౌసు దగ్గరికి తెస్తే బొటనవేలు ఊగుతుంది.
అంతే.

ఫెర్రీ వేళలు మార్చడం నా పని.
మార్చినప్పుడల్లా ఏదో ఒక లింకు తెగేది.
తెగినచోట కాలు వేసి జనం
తిన్నగా ఆ తొడుగు దగ్గరికి జారేవాళ్లు.
జారినవాళ్లు తిట్టలేదు.
మర్నాడు కావాలనే ఒక అక్షరం తప్పు కొట్టి వచ్చారు.
బడిపిల్లలు పోటీ పెట్టుకున్నారు,
చిరునామాలో ఎవరు ఎక్కువ చెత్త రాస్తారో అని.
మంచు ఎత్తే విభాగం పేజీ కంటే
లేని పేజీకి రద్దీ పెరిగింది.

ఒకరోజు కవరొచ్చింది. నిజం కవరు, స్టాంపుతో.
కిహ్ను దీవి నుంచి, సల్మె అనే ఆవిడ:
"పడవ వేళ కోసం వచ్చాను. పడవ లేదు, తొడుగుంది.
బాగానే ఉంది కానీ
అల్లిక కుడిచేతిది, బొటనవేలు ఎడమచేతిది.
ఇలా అల్లితే మా అమ్మ మొత్తం విప్పించేది."
కింద గళ్ల కాగితం మీద పెన్సిలుతో
నూట పన్నెండు వరసలు,
ఒక్కో గడి ఒక్కో కుట్టు.

వీర్వె ఆ కాగితాన్ని తెరకు ఆనించి పట్టుకుంది.
"నేనేదో కొత్త పని చేస్తున్నాననుకున్నాను" అంది.
ఆ రాత్రి పాత తొడుగును విప్పేసింది.
విప్పడం కూడా కనపడేలా విప్పింది:
ఎర్ర దారం తెర అడుగు దాకా జారి, ఉండ చుట్టుకుని,
తీరిగ్గా కొత్త అల్లికలోకి ఎక్కేది.

వసంతంలో కొత్త వ్యవస్థ కొన్నారు.
అందులో ఎవరూ దారి తప్పరు.
ఏం తప్పు కొట్టినా మర్యాదగా చెయ్యి పట్టుకుని
మొదటి పేజీలో నిలబెడుతుంది.
మా అధికారి ఊర్మస్ సమావేశంలో చప్పట్లు కొట్టించాడు:
"ఇక దొరకనిదంటూ లేదు."
వీర్వె కూడా కొట్టింది,
పెన్సిలు పళ్ల మధ్య పెట్టుకుని.

ఒక మాట చెప్తాను, మీలోనే ఉంచుకోండి.
ఫెర్రీ పేజీ నాదే కదా.
దాని అడుగున
"వాతావరణాన్ని బట్టి మార్పులుంటాయి" అని రాసి ఉంటుంది.
ఆ వాక్యం చివరి చుక్క
మిగతా చుక్కల కంటే కాస్త ఎరుపు.
నొక్కి చూడండి.
ఇన్నేళ్లలో నేను తెంపినవెన్నో,
అతికించింది అదొక్కటే.
వీర్వెకి చెప్పలేదు.

లెక్క చూస్తుంటాను.
ఏప్రిల్‌లో ముగ్గురు.
మేలో దీవి నుంచి ఒక్కరే, తెల్లవారుజామున,
పదకొండు నిమిషాలు ఉన్నారు.
నిన్న మా భవనం లోపలి నుంచే ఎవరో వచ్చి వెళ్లారు.

ఈ ఉదయం చూస్తే
గుంజ పక్కన ఇంకో గుంజ,
దానికి ఎడమచేతి తొడుగు.
కాఫీ మిషను దగ్గర వీర్వె
కప్పులో చక్కెర కలుపుతూ
చాలాసేపు
వాతావరణం గురించి మాట్లాడింది.